పళ్లెం అంచు మీద నాన్న పేరు

మా అన్నకు పని నేర్పింది నేనే. వయసులో పెద్దవాడైనా ఇత్తడికి మెరుగు పెట్టడంలో నా తర్వాతే. భద్రాచలంలో ఇద్దరం కలిసి బఫింగ్ షాపు పెట్టుకున్నాం. గంటలు, కుందులు, బిందెలు, ఎవరేం తెచ్చినా తిరిగే చక్రానికి ఆనించి తళతళలాడించి పంపేవాళ్లం.

ఒక్క వస్తువును మాత్రం నేను చక్రం దగ్గరికి రానివ్వలేదు. బొగ్గు గనిలో పనిచేసిన మా నాన్న పోయాక, అమ్మ జూలూరుపాడులోని మా చర్చికి ఇచ్చిన ఇత్తడి కానుక పళ్లెం అది. అంచు మీద చుక్కలు చుక్కలుగా నాన్న పేరు కొట్టించింది. భద్రాచలం ఇంట్లో ఉన్న ఆయన ఫోటోలన్నీ గోదావరి వరదలో పోయాయి. అమ్మకు చదువు రాదు. ఆదివారం పళ్లెం తన ముందుకు వచ్చినప్పుడు కానుక వేసి, ఆ చుక్కలను వేలితో తడిమి చూసుకునేది. అందుకే ఏటా క్రిస్మస్ ముందు చింతపండు పెట్టి చేత్తోనే తోమేవాణ్ణి.

మొన్న క్రిస్మస్ ముందు నాకు జ్వరం. "నేను జూసుకుంట తమ్మీ, నువ్వు పండుకో" అన్నాడు అన్న. అప్పుడే చర్చిలో కొత్తగా సంఘపెద్ద అయ్యాడు. నమ్మాను.

పండగ పొద్దున చర్చిలో బల్ల మీద పళ్లెం ధగధగలాడుతోంది. అంచు మీద నాన్న పేరు లేదు. అదే చోట మిషన్‌తో లోతుగా చెక్కించిన అన్న పేరు, వదిన పేరు.

"ఏందన్నా ఇది?"

"పాత పేరు అరిగిపోయింది. ఖాళీగ ఎందుకని గిట్ల ఏయించిన."

ఎవరికి చెబుతున్నాడు? చేత్తో తోమి అరిగితే అడుగున చుక్కలైనా మిగులుతాయి. చక్రానికి అదిమిపట్టి చెరిపితే ఇత్తడిలో గుంట పడుతుంది. బొటనవేలు పెట్టి చూశాను. గుంట ఉంది. చాలాసేపు అదిమితే తప్ప అంత గుంట పడదు. ఒళ్లు మండిపోయింది. నలుగురిలో నిలదీద్దామనుకునేలోపే పాట మొదలైంది.

మోకాళ్ల నొప్పులతో అమ్మ వెనక కుర్చీలో కూర్చుంది, నేను పక్కనే. సంఘపెద్దగా పళ్లెం పట్టుకొచ్చింది అన్నే. అమ్మ కానుక వేసి, అలవాటుగా అంచు తడిమింది. కొత్త అక్షరాల దగ్గర వేలు ఆగింది. మొహం వెలిగిపోయింది.

"ఈసారి మీ నాయిన పేరు చేతికి మంచిగ తగుల్తుంది రా" అంది నాతో. "నువ్వే జేసినవా?"

అన్న నా వైపు చూశాడు. చూపులో బతిమాలడం ఉంది.

"అవ్ అమ్మా" అన్నాను.

అన్న పళ్లెం పట్టుకుని పక్క వరసకు వెళ్లిపోయాడు.