తువ్వాలు వేసిన సీటు

తొంభైలలో ఒక క్రిస్మస్ ఉదయం నేను బాపట్ల నుంచి రేపల్లె బయలుదేరడానికి కారణం మా మామగారి నోరు. ఆయన మాట్లాడితే ఆపరని ఇంట్లో అన్నాను. నా భార్య సువార్త అదే రోజు పెట్టె సర్దుకుని పుట్టింటికి పోయింది. "పండగనాడు పది గంటల ఆరాధనకి మా చర్చిలో కనిపించారా సరే. లేకపోతే మళ్లీ మా గుమ్మం ఎక్కొద్దండి" అంది. నవ్వుతూ అన్న మాట కాదది.

పండగనాడు పొద్దున్నే నేరుగా రేపల్లె బస్సు లేక ఆరు గంటల పాసింజరు ఎక్కాను. చేతిసంచిలో ఆమెకి కొత్త చీర ఉంది. ఎదురు సీట్లో చీరాల తువ్వాళ్ల వ్యాపారి, వీరయ్యగారని ఒకాయన, ఒళ్లో మూటతో. "ఏంటండి, మొహం అలా వేలాడేశారు?" అని మొదలుపెట్టి నేను మాస్టారునని, భార్య అలిగిందని, చీర సంగతితో సహా నా చేత కక్కించారు. ఆయనా రేపల్లెకే, అక్కగారింటికి. చుండూరు దాటేసరికి ఆ అక్కగారి రొయ్యల కూర, బావగారి కీళ్లనొప్పులు నాకు కంఠతా వచ్చేశాయి. ఒక మామ చాలడని దేవుడు ఇంకొకరిని పంపాడు!

తెనాలిలో రేపల్లె బండి తప్పిపోయింది. బస్టాండుకి పరుగెత్తాం. ఇసకేస్తే రాలనంత జనం. బస్సు ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, చేతిరుమాళ్లు లోపల పడుతున్నాయి. ఎవరి గుడ్డ పడితే సీటు వాళ్లది, మన వైపు దానికి తిరుగులేదు. మూట విప్పేంత ఓపిక లేక వీరయ్యగారు నా చంకలో సంచి లాగి కిటికీలోకి విసిరేశారు.

"రెండు సీట్లు, మాస్టారూ!"

మేం జనాన్ని తోసుకుని గుమ్మం చేరేలోపే బస్సు కదిలింది. అప్పుడు చదివాను బోర్డు. గుంటూరు!

"నా చీర!" అని అరిచాను. తర్వాత తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆయన మొదటిసారి నోరు మూసుకున్నారు. పొద్దున్నుంచి నేను కోరుకున్నది అదే, తీరా జరిగితే నాకే బాగోలేదు.

రేపల్లె బస్సు వచ్చింది. ఆయన బోర్డు రెండుసార్లు చదివి, మూటలోంచి తువ్వాలు తీసి విసిరారు. ఒక్క సీటే దక్కింది. "మీరు కూర్చోండి, మీకే తొందర" అని భట్టిప్రోలు దాటేదాకా నిలబడే ఉన్నారు. "చీరిద్దామంటే నా దగ్గర తువ్వాళ్లే సార్. ఇదుంచండి" అన్నారు. సిగ్గేసింది నాకు.

"మీ అక్కగారు రొయ్యల్లో ఏం వేస్తారన్నారు?" అని నేనే అడిగాను. ఇక రేపల్లె దాకా ఆపలేదాయన.

చర్చిలో అప్పటికే పాటలు మొదలయ్యాయి. మగవాళ్ల వైపు బెంచీలన్నీ నిండి, వరండాలో కూడా నిలబడ్డారు. నేను రాలేదనుకుని ఉంటుందని సువార్త కోసం మెడ చాచి వెతికాను. అంతలో మామగారి పక్కన ఒక ఖాళీ చోటు కనిపించింది. దాని మీద పరిచి ఉంది నా పాత గళ్ల తువ్వాలు. సువార్త పెట్టెలో పెట్టుకుపోయినట్టుంది. అంతమంది నిలబడి ఉన్నా ఎవరూ దాన్ని కదపలేదు.

వెళ్లి కూర్చున్నాను. "దారిలో ఏమైంది అల్లుడూ?" అని మామగారు ప్రసంగం పొడుగునా గుసగుసలాడారు. అన్నిటికీ జవాబు చెప్పాను. ఆడవాళ్ల వైపు నుంచి సువార్త నన్ను చూసి, నవ్వు దాచుకోవడానికి తల తిప్పుకుంది.

మర్నాడు బాపట్ల బస్సు రాగానే ఆమె వీరయ్యగారి తువ్వాలు విసరబోయింది. చెయ్యి పట్టుకుని, "ముందు బోర్డు చూడు" అన్నాను.

"చూశాను లెండి."

రెండు సీట్లు దొరికాయి. కర్లపాలెం వచ్చినా ఆమె మాటలు ఆగలేదు, అచ్చం వాళ్ల నాన్నే. కిటికీ పక్క సీటు నాదే. అటు తిరగలేదు నేను.