కంప్యూటర్ గదిలో కంపు

మా అబ్బాయి తడిసిన సాక్సులు విప్పగానే ఇల్లంతా గుప్పుమంది. ఏలూరులో మన స్కూలు కంప్యూటర్ గది కంపు అచ్చం ఇదే, గుర్తుందా? బూట్లు బయట విడిచి, ఏసీలో ముక్కులు మూసుకుని వర్డ్, పవర్‌పాయింట్ నేర్చుకున్నాం.

ఒకరోజు సార్ కొల్లేరు మీద స్లైడ్లు చేయమన్నారు. కొల్లేరు లంక నుంచి వచ్చే మన దుర్గ ఆశగా మౌస్ పట్టుకుంది.

“నువ్వు ముట్టుకోకమ్మా, చేపల వాసన అంటుకుంటుంది” అన్నారు సార్.

“సబ్బుతో కడుక్కునే వచ్చానండీ” అంది దుర్గ, చేతులు వెనక్కి దాచుకుంటూ.

ఆయన వినలేదు. నెట్‌లో దొరికిన ఏదో మంచుకొండల సరస్సు బొమ్మ మనచేత పెట్టించి, కింద ‘మన కొల్లేరు’ అని టైపు చేయించారు.

ఛీ! అన్ని సాక్సుల కంపులో ఆయన ముక్కుకి తగిలింది ఆ పిల్ల చేతులేనా?