పాప ఎత్తు బెల్లం

ఆ ఏడు మాకు పోయినవి ఇవి. కౌలుకు చేసిన రెండెకరాల టమాటా తోట. ఆ తోటకు నీళ్లిచ్చిన బోరు, దాన్ని ఇంకా లోతుకు దించడానికి పెట్టిన డబ్బు. పాలిచ్చే ఆవు, అది చావలేదు, మేమే అమ్ముకున్నాం. నా కమ్మలు ఒక జత. బోరు ఎండాక మా ఆయన బెంగళూరులో కాంక్రీటు పనికి పోయాడు కాబట్టి, ఇంట్లో మగమనిషి తోడు. ఇవన్నీ ఒక వైపు. ఇంకో వైపు ఒక్కటే: తొమ్మిదేళ్ల నా కూతురి ఒంట్లోంచి ఎనిమిది కిలోలు.

మొదటి వైపు పోయినవాటికి నేను ఏడ్చింది తక్కువ. బోరు ఎండేది మా ఒక్కరికే కాదు. తమిళనాడులో మా ధర్మపురి చుట్టుపక్కల వేసవి వస్తే ఎండని బోరు ఏది? టమాటా ధర పడిపోవడమూ కొత్త కాదు. పాలకోడు సంతకు పెట్టెలు మోసిన ట్రాక్టరు బాడుగ కూడా రాకపోతే కాయలు రోడ్డు పక్కన పోసి వచ్చిన ఏళ్లు అంతకు ముందూ ఉన్నాయి. ఆ లెక్కలు నాకు తెలుసు. కానీ ఎనిమిది కిలోల లెక్క నాకు తెలిసిన ఏ లెక్కలోనూ పట్టలేదు.

తోట పోయాక నేను పాలకోడు మండీలో కాయ ఏరే పనికి పోయేదాన్ని. పండు వేరు, దోరకాయ వేరు, పగిలింది వేరు. పెట్టెలో నింపి తూకానికి ఎత్తి పెట్టాలి. మంచి పెట్టె ఇరవై ఐదు కిలోలు. కొన్నాళ్లు ఎత్తితే చాలు, కాటా మీద పెట్టకముందే చేతులకు తెలిసిపోతుంది, ఇందులో కిలో తక్కువుంది, ఇందులో అర కిలో ఎక్కువుంది అని. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, జ్వరంతో పడుకున్న పాపను మంచం మీంచి ఎత్తుకున్నాను. నా చేతులు అడక్కుండానే చెప్పేశాయి. పదిహేడు. పోయిన ఏడు ఇదే పిల్ల సరిగ్గా ఒక పెట్టె బరువుండేది.

మరుసటి రోజే ధర్మపురి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి కాటా కూడా పదిహేడే చూపించింది. పరీక్షలు చేసి టీబీ అన్నారు. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది: నయమయ్యే జబ్బే, ఆరు నెలలు ఒక్క రోజు కూడా మందు మానకూడదు, నెలనెలా వచ్చి బరువు చూపించాలి. మందు కూడా పిల్ల బరువును బట్టే ఇచ్చారు. నాకు ఆ మాట నచ్చింది. బరువును బట్టి ఇచ్చేది ఏదైనా నాకు అర్థమవుతుంది.

ఇంటికి వచ్చేసరికి మా అత్త అప్పటికే మొక్కుకుని కూర్చుంది. పసుపు గుడ్డలో రూపాయి కట్టి దేవుడి గూట్లో పెట్టింది.

"కొండ మీద పెరుమాళ్‌కు మొక్కినాను. బిడ్డ లేచి తిరిగితే, బిడ్డ ఎత్తు బెల్లం ఇస్తానన్నాను."

మా వాళ్లలో ఇది పాత ఆనవాయితీ. గుడి మండపంలో దూలానికి గొలుసులతో పెద్ద తక్కెడ వేలాడుతుంటుంది. ఒక తట్టలో బిడ్డ, ఇంకో తట్టలో బెల్లం. ముల్లు మధ్యకు వచ్చేదాకా దిమ్మలు పెడతారు. ఆ బెల్లం దేవుడిది. అత్త తూకం ఎప్పుడని చెప్పలేదు, ఎన్ని కిలోలని చెప్పలేదు. పెద్దావిడ, భయంలో మొక్కింది. నేనైతే ఆ రెండూ చెప్పి మొక్కేదాన్ని. కానీ తర్వాత నన్ను నిలబెట్టింది అత్త చెప్పకుండా వదిలేసిన ఆ రెండు మాటలే.

మా ఆయన అక్క పాపిరెడ్డిపట్టిలో ఉంటుంది. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. విషయం తెలిసి తమిళ నెల పెరటాసి మొదటి వారంలోనే బస్సెక్కి వచ్చింది. పెరటాసి శనివారాలు పెరుమాళ్‌వి. మా ఇళ్లలో ఆ నెలంతా నీచు వండం.

"ఏమ్మే, ఇంకా ఏం చూస్తా ఉండావు?" అంది చెప్పులు విడవకుండానే. "బోరు ఎండె, ఆవు పాయె, బిడ్డ ఇట్లాయె. సామికి కోపం రాకుండా ఇన్ని అవుతాయా? ఈ శనివారమే మొక్కు తీర్చేద్దాం."

"పాప లేచి తిరిగితే కదా వదినా మొక్కు?"

"ముందే ఇచ్చేస్తే సామి మనసు కరుగుతుంది. ఇంకొకటి చెప్తా విను. నీకు లెక్క తెలుసంటారే, చెయ్ లెక్క. ఇప్పుడైతే పదిహేడు కిలోలు. రేపు బిడ్డ లావైందనుకో, ముప్పై కిలోలు, నలభై కిలోలు ఎవురు పెడతారు? నీ మొగుడు కాంక్రీటు మోసి పెడతాడా?"

అత్త తలుపు దగ్గర్నుంచి, "అదీ నిజమే కదా," అంది నెమ్మదిగా.

వదిన లెక్క తప్పు కాదు. మండీలో నేను రోజూ చూసేది అదే: సరుకు ధర తక్కువున్నప్పుడు కొనాలి. పదిహేడు కిలోల బెల్లానికీ ముప్పై కిలోల బెల్లానికీ తేడా ఎంతో నా తల అప్పటికే కట్టేసింది. కట్టినందుకు నా తల మీద నాకే కోపం వచ్చింది.

శనివారం కొండెక్కాం. మెట్లు ఎక్కువ లేవు కానీ పాప ఎక్కలేదు, నేనే చంకన వేసుకున్నాను. వదిన గోనెసంచిలో బెల్లం తెచ్చింది. "తెలిసినోళ్ల అంగట్లో కడనుకు తెచ్చినాను. నెలాఖరుకు దుడ్లిస్తే చాలు. పదిహేడున్నర కిలోలుంది. అర కిలో మిగిలితే ప్రసాదం పంచుదాం," అంది. అన్నీ సిద్ధం చేసేసింది. నేను బతికున్న నా బిడ్డను ఎత్తుకుని ఆవిడ వెనక నడుస్తున్నాను.

మండపంలో మా కంటే ముందు ఒక జంట ఉంది. వాళ్ల బిడ్డ గుండుతో, బొద్దుగా, తక్కెడలో కూర్చుని కాళ్లాడిస్తూ నవ్వుతున్నాడు. వాళ్ల నాన్న దిమ్మ మీద దిమ్మ పెడుతూ, "ఒరేయ్, ఇంకెంత తిన్నావురా!" అని అరుస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వుతున్నారు. ముల్లు కదలకపోతే అంగడికి పరిగెత్తి ఇంకో దిమ్మ తెచ్చాడు. ఆ మనిషి మొహంలో ఖర్చయిందన్న బాధ లేదు. పొంగిపోతున్నాడు.

అది చూస్తూ నిలబడ్డాను. అప్పుడే వెనక నుంచి వదిన కేక పెట్టింది.

"అయ్యయ్యో! ఎంగిలి చేసేసె! సామికి తెచ్చిన బెల్లం ఎంగిలి చేసేసెనే!"

తిరిగి చూస్తే, గోనెసంచి పక్కన కూర్చోబెట్టిన పాప, దిమ్మ అంచు విరిచి నోట్లో పెట్టుకుంది. బుగ్గ ఒక వైపు ఉబ్బి ఉంది. భయంతో నా వైపు చూసింది, కానీ ఉమ్మేయలేదు.

"ఆకలేసింది అమ్మా," అంది.

ఆ మాట విని ఎన్నాళ్లయిందో. రెండు నెలలుగా ఆ పిల్లకు సంగటి ముద్ద నోటి దాకా తీసుకుపోతే మొహం తిప్పుకునేది. నేను బతిమాలి, తిట్టి, ఏడ్చి పెట్టేదాన్ని.

పూజారి ముసలాయన, నవ్వుకుంటూ వచ్చాడు. "ఎంగిలి బెల్లం తక్కెడలో పెట్టకూడదమ్మా. కింద అంగట్లో వేరే తెచ్చుకోండి, నేను ఉంటాను."

వదిన డబ్బు సంచి విప్పబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు వదినా."

"ఏం వద్దు?"

"ఈ తూకం వద్దు. సామీ, ఒక మాట అడుగుతాను," అన్నాను పూజారితో. "బిడ్డ ఎత్తు అని మొక్కినాం. ఏ రోజు ఎత్తు లెక్క?"

"తక్కెడలో కూర్చున్న రోజు ఎంతుంటే అంత."

"ఎప్పుడు కూర్చోబెట్టాలో?"

"అది మీ ఇష్టం. గడువు చెప్పి మొక్కినారా?"

"లేదు."

"అయితే సామికి తొందర లేదు."

వదిన గొంతు లేచింది. "పిచ్చి పట్టిందా నీకు? కొండెక్కి వచ్చి తీర్చకుండా దిగితే సామి ఊరుకుంటాడా? బిడ్డకేమైనా అయితే?"

"పదిహేడు కిలోలు ఇస్తే, నా బిడ్డ పదిహేడు కిలోలే అని నేను ఒప్పుకున్నట్టు. ఒప్పుకోను," అన్నాను. కింద కూర్చున్న పాపను చంకన ఎత్తుకున్నాను. "సామి ఏమన్నా వడ్డీ వ్యాపారా, కోపమొచ్చి ఇంటి ముందుకు వచ్చి నిలబడడానికి? ఆవును తీసుకుంటే తీసుకోనీ. బోరు ఎండితే ఎండనీ. ఆ లెక్క నేను అడగను. ఈ లెక్క మాత్రం ఆయన పూర్తిగా తీసుకోవాలి. పిల్ల పెరిగి పెద్దదవ్వాలి. ఎదగడం ఆగినాక తూచుతాను. అంతదాకా చూసుకునే పని ఆయనది."

గర్భగుడి వైపు తిరిగి అదే మాట ఇంకోసారి చెప్పాను. చేతులు జోడించి చెప్పానో లేదో నాకు గుర్తు లేదు. జోడించలేదనుకుంటాను, ఎందుకంటే పాపను ఎత్తుకుని ఉన్నాను.

దిగేటప్పుడు వదిన నాకంటే ముందే గబగబా మెట్లు దిగిపోయింది. బెల్లం సంచి తిరిగి ఇవ్వడానికి లేదు, అంచు విరిగిపోయింది. ఆ సంచి మా ఇంటికే వచ్చింది. అంగడి డబ్బు నేనే కట్టాను. ఆ పదిహేడున్నర కిలోల బెల్లం మా పాపే తింది, వేరుశనగ ఉండలుగా, రాగి జావలోకి, ఊరికే చేతిలో ముక్కగా.

ఇంత ధైర్యంగా చెప్పి వచ్చాక, మరుసటి నెల ఆసుపత్రి కాటా పదహారు కిలోల ఎనిమిది వందలు చూపించింది.

రెండు వందల గ్రాములు. నాలుగు టమాటాల బరువు. అంతే. కానీ బస్సులో ఇంటికి వస్తూ ఆసుపత్రి చీటీ మీది ఆ అంకెనే మళ్లీ మళ్లీ చూసుకున్నాను. మందు పడక మొదట్లో ఇలా ఉండొచ్చని, మానొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట చెవిలో పడింది, మనసులో పడలేదు. వదిన ఫోను చేసింది. ఎంతుందని అడిగింది. చెప్పాను. "నేను ముందే చెప్పినాను కదమ్మే," అంది. ఈసారి ఆ గొంతులో పోట్లాట లేదు. ఏడుపుంది. పోట్లాడి ఉంటే బాగుండేది.

ఫోను పెట్టేసి పొయ్యి ముందు కూర్చున్నాను. సంగటి కెలుకుతున్నాను. దేవుడి గూట్లో పసుపు గుడ్డ అక్కడి నుంచి కనబడుతుంది. కోపంగానే మాట్లాడాను.

"నేను మాట తప్పలేదు సామీ. తగ్గించి ఇస్తానని బేరం ఆడలేదు. పెంచి ఇస్తానన్నాను. ఇంత మంచి బేరం నీకు ఎవురిస్తారు? నువ్వు విడిచిపెడతావని అందరూ అంటా ఉండారు. నేను అనను. నువ్వు విడిచినా నేను విడవను."

అత్త వెనకే నిలబడి వింది. మందలిస్తుందనుకున్నాను. "గట్టిగా చెప్పు, ఆయనకు కొండ మీద గాలి ఎక్కువ," అని చెప్పి, పాప మందుబిళ్ల తీసి నీళ్లు ముంచుకుని వచ్చింది. ఆ నెల తర్వాత ఒక్క బిళ్ల కూడా ఆమె నా మీద వదల్లేదు. మింగిన పిల్ల నోరు తెరిపించి చూసేది.

ఆ తర్వాతి నెల మండీ నుంచి వచ్చి, మామూలుగా పాపను గడప మీంచి ఎత్తుకున్నాను. నా చేతులు ఆగిపోయాయి. దించి, మళ్లీ ఎత్తాను.

"ఏమైంది అమ్మా?"

"ఊరికే ఉండు. కదలొద్దు."

పద్దెనిమిది దాటింది. ఆసుపత్రికి పోవడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి, కానీ నాకు కాటా అక్కర్లేదు. వాకిట్లో పిల్లను పట్టుకుని నిలబడ్డాను. పక్కింటి వాళ్లు ఏమైందో అనుకుని వచ్చారు. ఆసుపత్రి కాటా పద్దెనిమిది కిలోల నాలుగు వందలంది. మందు ముగిసేనాటికి ఇరవై మూడు. పాప తనంతట తానే బడికి నడిచి పోయింది.

మందు వల్లే కదా, దేవుడేం చేశాడని మండీలో ఒకామె నన్ను అడిగింది. మందు వల్లే, ఎవరు కాదన్నారు? అది ఊరికే దొరికింది, చూసే డాక్టరమ్మ దొరికింది, బిళ్ల మర్చిపోని అత్త దొరికింది. ఇవన్నీ పోయినవాటి పక్కన వేసి కూడితే, నేను ఆయన మీద కోపంగా ఉండడానికి లెక్క సరిపోదు. అలాగని బోరు మళ్లీ ఊరలేదు. కౌలు తోట మళ్లీ రాలేదు. మా ఆయన ఇప్పటికీ బెంగళూరులోనే ఉన్నాడు, నెలకోసారి వస్తాడు. పోయినవి పోయాయి. నేను వాటిని అడగనన్నాను, అడగను.

ఏటా పెరటాసిలో ఒక శనివారం కొండెక్కుతాం. దీపం పెట్టి, ఆ ఏటి లెక్క చెప్పి వస్తాను. సామీ, ఇరవై తొమ్మిది. సామీ, ముప్పై ఆరు. తూకం మాత్రం వేయను. పూజారికి అలవాటయిపోయింది. "ఈ ఏడు ఎంత పెరిగింది అప్పు?" అని ఆయనే అడుగుతాడు. వదిన కూడా వస్తుంది. తక్కెడ దగ్గరికి వచ్చేసరికి నన్ను మోచేత్తో పొడిచి, "పదిహేడుతో పోయేదాన్ని ఇంతదాకా తెచ్చినావే," అంటుంది. ఇప్పుడు నవ్వుతూనే అంటుంది.

తొందర ఒక్క అత్తకే. "నేను పోయేలోపల నా మొక్కు తీర్చేసేయవే. ఆయన ముందర కడనుతో నిలబడాల్నా?" అంటుంది.

"కడను ఉంటేనే మంచిది అత్తా. రావాల్సింది ఉన్నంత కాలం బిడ్డను కనిపెట్టుకుని ఉంటాడు. ఇంకా రెండేళ్లు ఎదుగుతుంది. నువ్వూ ఉండు, ఉండి చూడు."

పోయిన ఆదివారం పాప నా వెంట మండీకి వచ్చింది. పదో తరగతి ఇప్పుడు. నా భుజం దాటింది. కాటా ఖాళీగా ఉంటే ఎక్కమన్నాను.

"అమ్మా, అందరూ చూస్తా ఉండారు!"

"చూడనీ. చెప్పులు విడువు. చేతిలో ఫోను ఇటియ్యి."

"వంద గ్రాములు కూడా సామికి ఎక్కువ పోకూడదా?"

"ఫోను బరువు నీది కాదు. నీది ఎంతుందో అంతే ఆయనది."

ఏరుతున్న ఆడవాళ్లంతా చేతులాపి చూశారు. నేను పాపను ఎత్తి చూడలేదు. ఇప్పుడు ఎత్తలేను. కాటా అంకెలు కాసేపు ఊగి నిలిచాయి.

నలభై నాలుగు కిలోల మూడు వందలు. ఈ రోజుకు దేవుడికి నేను ఇవ్వాల్సింది అంత.