ఉడికిన కార్డు

గరివిడి ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఆ మంగళవారం ఇడ్లీలతోపాటు జగన్నాధం క్రెడిట్ కార్డు కూడా ఉడికింది. పిండి పోయడానికి వంగినప్పుడు చొక్కా జేబులోంచి జారి పాత్రలో పడింది. పది నిమిషాలాగి మూత తీస్తే, వేపిన అప్పడంలా వంకర తిరిగి మూడో రేకుకి అతుక్కుని ఉంది. తువ్వాలు కప్పి ఇస్త్రీ చేసినా చదును కాలేదు. ఇడ్లీలు మాత్రం బాగానే వచ్చాయి.

క్యాంటీన్ సూపర్‌వైజర్ జగన్నాధానిదే అయినా ఆ కార్డు బంధువులందరిదీ. వాళ్లలో కార్డున్నది ఆయనొక్కడికే. తోడల్లుడి గ్రైండరు, పిన్ని కొడుకు మోటారు, బావమరిది రమేష్‌బాబు మార్చే ఫోన్లు, అన్నీ దానిమీదే. అడిగినవాళ్లకి లేదనడం ఆయనకి చేతకాదు. వాళ్లు డబ్బు తెచ్చి చేతికిస్తే గడువుకి రెండ్రోజుల ముందే కట్టేసేవాడు. నెలకి ముప్ఫై ఎనిమిది వేల దాకా తేలేది. ఏడేళ్లలో ఒక్క రోజు ఆలస్యం లేదు.

కొత్త కార్డు కోసం ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి, "మీ లిమిట్ లక్షన్నర నుంచి మూడు లక్షలకి పెంచమంటారా సార్?" అంది. జగన్నాధం ఉలిక్కిపడ్డాడు. ఆ కార్డు ఇడ్లీ పాత్రలో కాక ఏ దొంగ చేతిలోనో పడుంటే?

"పెంచడమేటమ్మా, తగ్గించీ. నలభై వేలు సేసీ. ఎక్కువుంటే బయం."

తగ్గించేశారు. భార్య దేముడమ్మ కూడా మెచ్చుకుంది. ఇద్దరూ గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోయారు. ఆ నెల నుంచే ఏదో చప్పుడు చేయకుండా దిగజారడం మొదలైంది.

అయిదు నెలలకి, వాళ్లు పంతొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్న ఇల్లు అమ్మేస్తానన్నాడు యజమాని హరిబాబు. తామే కొనుక్కుందామని పుస్తెలు తప్ప నగలన్నీ అమ్మి రెండు లక్షలు బయానా ఇచ్చారు. నెలాఖరుకి రిజిస్ట్రేషన్ కాకపోతే బయానా పోతుంది, ఇల్లూ ఖాళీ చేయాలి.

మిగతా డబ్బుకి ఇంటి లోను కోసం వెళితే, బ్యాంకు ఆఫీసరు గౌతమి నవ్వుతూ కూర్చోమంది. కంప్యూటర్ వైపు చూశాక ఆ నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"మీ క్రెడిట్ స్కోరు ఆరు వందల అరవై ఎనిమిదండి. మా దగ్గర లోనుకి ఏడొందలు దాటాలి."

"ఒక్క రోజు దాటకుండా కట్టినానమ్మా!"

"కట్టడంలో తప్పు లేదండి. లక్షన్నర లిమిట్‌లో ముప్ఫై ఎనిమిది వేలంటే పావు వంతు. నలభైలో అదే ముప్ఫై ఎనిమిదంటే, చూసేవాళ్లకి మీరు పీకల్లోతు ఇబ్బందిలో ఉన్నట్టే. మూడు నెలలు వాడకం తగ్గించండి, స్కోరు లేస్తుంది."

నెలాఖరు పంతొమ్మిది రోజుల్లో ఉంది. ఆమె ఇంకేదో చెప్పబోతుంటే వినకుండా లేచిపోయాడు. ఆ వారంలోనే మరో మూడు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టాడు. ఆమె వద్దని చెప్పబోయింది అదే. దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా స్కోరు తీసి చూస్తారు, అలా చూసినప్పుడల్లా అది ఇంకాస్త దిగుతుంది. నాలుగోచోటికి ఆరు వందల నలభై ఒకటి. అక్కడ కూర్చోమని కూడా అనలేదు.

ఇంటికొస్తే, హరిబాబు ఎవరో కొత్త మనిషి చేత గుమ్మానికి టేపు పట్టించి కొలతలు తీయిస్తున్నాడు.

"ఊరికినే సూస్తన్నాంలే జగన్నాధం," అన్నాడు, మొహంలోకి చూడకుండా. దేముడమ్మ తలుపు పక్కన నిలబడి ఆ టేపునే చూస్తోంది.

వరండాలోంచి రమేష్‌బాబు లేచాడు. "బావా, కార్డు ఓపాలియ్యి. కొత్త ఫోనొచ్చినాది."

"నేదురా." ఏడేళ్లలో ఆ మాట అదే మొదలు.

"ఏటి బావా, అక్క ముందర మొహమ్మీదే అలా నేదనేస్తావేటి? నానేటైపోవాల?"

జగన్నాధం టేపు మీంచి కళ్లు తిప్పలేదు.

"నీకు నేదన్నోడిని నానొక్కడినేరా, నాకు నాలుగు బేంకులు నేదన్నాయి."