అద్దం కింది నీళ్లు

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల భూములకు ఏ గతి పట్టిందో తెలుసుకోవడానికి ఏ ఆఫీసుకూ పోనక్కర్లేదు. సాగర్ రోడ్డు పక్కన మెకానిక్ శ్రీశైలం షెడ్డు ముందు కాసేపు నిలబడితే చాలు. ఒకప్పుడు అక్కడికి ట్రాక్టర్లు వచ్చేవి, తర్వాత ఆటోలూ జీపులూ వచ్చాయి. చేలన్నీ ప్లాట్లయ్యాక ఇప్పుడు విదేశీ కార్లు వస్తున్నాయి. కొత్తవేమీ కావు, సిటీలో ఎవరో కొన్నాళ్లు తిరిగి మొహం మొత్తి అమ్మేసినవి. వాటిని కొన్న మన పెద్దమనిషి తోలు సీట్లో దర్జాగా కూర్చుని, వెనక సీట్లో యూరియా బస్తా వేసుకుని దిగుతాడు. బండి మాత్రం మహా సుకుమారం. తాళంచెవిలో సెల్లు తగ్గినా అలుగుతుంది, ఎలుక ఒక వైరు కొరికినా అలుగుతుంది. అలిగిందంటే స్టార్ట్ కాదు. అప్పుడు అందరికీ శ్రీశైలం గుర్తొస్తాడు.

శ్రీశైలానికి యాభై దాటాయి. హయత్‌నగర్‌లో ఎల్లేశ్ అనే ఉస్తాద్ దగ్గర లారీల వైరింగు నేర్చుకున్నాడు. ఆ కాలంలో బండి స్టార్ట్ కాకపోతే కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా సెల్ఫ్ మోటారు కాలిపోయి ఉండాలి, లేదా ఎక్కడో వైరు తెగి ఉండాలి. ఈ కార్ల సంగతి వేరు. తాళంచెవి జేబులోనే ఉంటుంది, మనం బటన్ నొక్కాలి. నొక్కగానే బండి ముందు తాళంచెవిని గుర్తుపట్టాలి, కాలు బ్రేకు మీద ఉందో లేదో చూసుకోవాలి, స్టీరింగును అడగాలి, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ డబ్బాను అడగాలి. అందరూ సరేనంటేనే ఇంజిన్ తిరుగుతుంది. పెళ్లి సంబంధం కుదరడం కూడా ఇంత కష్టం కాదని శ్రీశైలం నవ్వేవాడు. ఆ వరుసలో ఎవరు కాదన్నారో కనిపెట్టడమే అతని పని. స్కానరు కొనుక్కుని, ఫోన్లో వీడియోలు చూసి, చేతులు కాల్చుకుని ఆ పని నేర్చుకున్నాడు.

ఉస్తాద్ దగ్గర వైరింగుతో పాటు అతనికి ఇంకో అలవాటు కూడా వచ్చింది. బాగైన బండిని ఓనరు చేతికి ఇచ్చే ముందు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల రెక్కలు, అక్షింతలు వేసి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు బండి మీద పోయాలి. లారీలకు ముందు బానెట్టు మీద పోసేవారు. శ్రీశైలం కార్లకూ అట్లాగే చేశాడు. ఒకసారి తుర్కయంజాల్ ఓనరొకడు, తెల్ల బానెట్టు మీద కుంకుమ మరక పడిందని షెడ్డు ఎగిరిపోయేలా అరిచాడు. అప్పటి నుంచి శ్రీశైలం పూజను కొంచెం పైకి జరిపాడు. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర నల్లటి ప్లాస్టిక్ జాలీ ఒకటి ఉంటుంది. అక్కడ పోస్తే నీళ్లు చక్కగా లోపలికి దిగిపోతాయి, పెయింటుకు ఒక్క చుక్క అంటదు. ఇంత మంచి ఉపాయం తట్టినందుకు అప్పట్లో తన భుజాలు తానే చరుచుకున్నాడు.

ఈ పూజంటే ప్రాణం పెట్టిన మనిషి నర్సమ్మ. కొంగరకలాన్ దగ్గర తరతరాలుగా సేద్యం చేసిన కుటుంబం ఆమెది. భర్త సంజీవ పొలంలో చాలా భాగం ప్లాట్లు వేసే వెంచరుకు ఇచ్చి, మిగిలిన ముక్కలో ఇల్లు కట్టాడు, సిటీలో ఒక విదేశీ కారు కొన్నాడు. బండి సర్వీసుకు వచ్చినప్పుడల్లా నర్సమ్మ కూడా వచ్చేది. పెరట్లో పూసిన బంతిపూలు సంచి నిండా తెంపుకొచ్చేది.

“అన్న చెయ్యి మంచిది. అన్న కొబ్బరికాయ కొట్టందే నేను బండెక్క,” అనేది. శ్రీశైలం నాలుగు పూలు వేసి ఊరుకుంటే ఒప్పుకునేది కాదు. “గన్నేం సాల్తయన్నా, మంచిగ పొయ్యి,” అని తానే దోసిలితో అందించేది. శ్రీశైలం ఆమెను చెల్లె అని పిలిచేవాడు. సొంత చెల్లెలు లేని లోటు ఆమెతో కొంత తీరిందని ఇంట్లో భార్యతో కూడా చెప్పాడు.

మొన్నటి వానకాలంలో ఒక పొద్దున సంజీవ కారు టోయింగ్ బండి మీద షెడ్డుకు వచ్చింది. సంజీవ ముందు సీట్లోంచి దిగాడు. మనిషి సగమైపోయాడు. నర్సమ్మ దవాఖానలో పడిందని శ్రీశైలం అప్పటికే విన్నాడు.

“చెల్లెకు ఎట్లున్నది?”

“ఇంటికి తీస్కొచ్చిన. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట గూడ సక్కగ వస్తలేదు.”

జరిగింది అతడే చెప్పాడు. తెల్లవార్లూ వాన పడి తెరిపిచ్చిన పొద్దున, నర్సమ్మ చేతిలోంచి చాయ్ గ్లాసు జారిపోయింది. చూస్తుండగానే మూతి ఒక పక్కకు పోయింది. సంజీవ ఆమెను ఎత్తుకుని కార్లో పడుకోబెట్టి బటన్ నొక్కాడు. కారు మాట్లాడలేదు. ఎన్నిసార్లు నొక్కినా లైట్లు వెలగడమే తప్ప ఇంజిన్ తిరగలేదు. చుట్టూ అన్నీ ఖాళీ ప్లాట్లే, పిలిస్తే పలికే మనిషి లేడు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే అది వచ్చి, ఒకే తీరుగా ఉన్న వెంచరు రోడ్లలో దారి తెలియక తిరిగీ తిరిగీ ఎప్పటికో ఇల్లు చేరింది. ఆ దారులన్నీ సంజీవ అమ్ముకున్న పొలంలోనివే. జర ముందు తెస్తే రక్తం గడ్డ కరిగించే సూది పనిచేసేదని దవాఖానలో డాక్టరు చెప్పాడు.

“అన్నా, బండి బాగైనా కాకున్నా నాకు ఫికర్ లేదు,” అన్నాడు సంజీవ. “నాకు ఒక్కటే చెప్పు. ఆ పొద్దు నా కాలు బ్రేకు మీద ఉండెనా లేదా? బ్రేకు తొక్కకుంటే స్టార్ట్ గాదని నువ్వే చెప్పినవ్ గదా. ఆగమాగంల తొక్కిన్నో లేదో నాకు యాదికొస్తలేదు. కండ్లు మూస్తే అదే కనబడుతున్నది.”

“కూసో. చూసి చెప్త,” అన్నాడు శ్రీశైలం.

అతడు వరుస తప్పలేదు. బ్యాటరీ నిండుగానే ఉంది. తాళంచెవిని బండి గుర్తుపడుతోంది. బ్రేకు తొక్కితే వెనక ఎర్ర లైటు వెలుగుతోంది. స్కానరు తగిలించి ఒక్కొక్కరినీ పలకరించాడు. అందరూ పలికారు, ఇంజిన్ డబ్బా మాత్రం పలకలేదు. ఆ బండిలో ఆ డబ్బా ముందు అద్దం కింద ఉంటుంది. వైపర్లు విప్పి, నల్ల జాలీ ఎత్తి లోపలికి చూశాడు.

లోపల నీళ్లు నిలిచి ఉన్నాయి. డబ్బా మునిగిపోయింది, దానికి వచ్చే వైర్ల పిన్నులు పచ్చగా చిలుము పట్టాయి. వాన నీళ్లు కిందికి పోవడానికి అడుగున ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. చెట్ల ఆకులు పడి మూసుకుపోయి ఉంటుందనుకుని అందులో వేలు పెట్టి లాగాడు. ముద్ద ఒకటి ఊడి వచ్చింది. అందులో కుళ్లిన బంతి రెక్కలు, బియ్యం గింజలు, కొబ్బరి పీచు ఉన్నాయి. గొట్టం తెరుచుకుని నీళ్లన్నీ బడబడమని నేల మీదికి కారిపోయాయి.

శ్రీశైలం అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఆ పూలు ఎవరు పోశారో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. సర్వీసు సర్వీసుకూ తానే పోశాడు, ఇష్టంగా పోశాడు. అంత భయం, అంత సిగ్గు అతనికి బతుకులో ఎన్నడూ కలగలేదు. సంజీవ బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ముద్దను కాలవలో పారేసి, వాన నీళ్లు పోయాయని చెబితే కాదనేవాడు లేడు. కానీ ఆ మాటతో సంజీవ నిద్ర తిరిగి రాదు. వాన నీళ్లేనా, నా కాలు కూడా తప్పిందా అని అతడు చచ్చేదాకా తవ్వుకుంటూనే ఉంటాడు. ఆ సంగతి శ్రీశైలానికి బాగా తెలుసు. అందుకే లేచాడు.

ముద్దను ఒక పాత పేపరు మీద పెట్టి బల్ల మీద ఉంచాడు.

“నీ తప్పేం లేదు సంజీవ. నువ్వు బ్రేకు మీద నిలబడి తొక్కినా ఇది స్టార్టయ్యేది గాదు. ఇగో, నేను పోసిన పూలు. ఇవి అడ్డం పడి నీళ్లు నిలిచినయి. నేనే చేసిన.”

సంజీవ ఆ ముద్దను వేలితో కదిలించి చూశాడు. “మా పెరట్ల పూలే,” అన్నాడు. ఎదురుగా రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. శ్రీశైలం తిట్టు కోసం చూశాడు. చెంప మీద ఒక దెబ్బ పడినా ప్రాణం కుదుటపడేది.

“ఇంకెవరికన్న చెప్పినవా?”

“లేదు.”

“చెప్పకు. నాకు చెప్పినవ్, నేను విన్న. నిన్ను ఏమనాల్నో నాకు తెలుస్తలేదు, ఇయ్యాల నన్ను అడగకు. కానీ ఆమెకు తెల్వొద్దు. పూలు తెంపింది ఆమె, పొయ్యి పొయ్యి అన్నది ఆమె. ఇప్పుడున్న తీరుల ఇది గూడ మీదేసుకుంటే ఇగ మంచం దిగది. నాకు మాటియ్యి.”

శ్రీశైలం మాటిచ్చాడు. అప్పుడది చిన్న శిక్షగానే తోచింది.

పాత డబ్బా పనికిరాదు. సిటీలో వెతికి అదే రకానిది ఇంకోటి తెచ్చాడు. ఈ బండి తాళంచెవిని అది గుర్తుపట్టేలా చేయించడానికి మలక్‌పేట షాపుల చుట్టూ తిరిగాడు. ఆ రోజుల్లోనే, తాను కొబ్బరినీళ్లు పోసిన మిగతా ఓనర్లందరికీ ఫోన్లు చేసి బండ్లు పిలిపించాడు. అన్నిటికీ జాలీలు విప్పి గొట్టాలు కడిగాడు. కొన్నిటిలో పూలు అప్పుడప్పుడే ముద్ద కడుతున్నాయి. ఊరికే ఎందుకు కడుగుతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. కొబ్బరికాయ ఎందుకు కొట్టడం లేదని అడిగితే నీళ్లు నమిలాడు. శ్రీశైలానికి పొగరెక్కిందని ఒకరిద్దరు అనుకున్నారు కూడా.

సంజీవ కారుకు అన్నీ బిగించి బటన్ నొక్కిన రోజు అది ఒక్క నొక్కుకే స్టార్టయింది. ఏనాడూ మొరాయించని దానిలా మెత్తగా నడుస్తోంది. ఎన్ని వందల బండ్లను అట్లా బతికించాడో, ప్రతిసారీ ఆ శబ్దం వినగానే అతని మనసు నిండేది. ఈసారి మాత్రం ఏడుపొచ్చింది. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు.

కారు తానే తోలుకుపోయాడు. వెంచరులోకి మళ్లాక ఏ సందు చూసినా ఒకే తెల్ల హద్దురాళ్లు, ఒకే మట్టి రోడ్డు. ఎన్నోసార్లు వచ్చిన శ్రీశైలమే ఒకచోట దారి తప్పి వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చింది. అంబులెన్సు డ్రైవరు గుర్తొచ్చాడు.

నర్సమ్మ వసారాలో కుర్చీలో ఉంది. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. ఇంజిన్ చప్పుడు విని తల తిప్పింది. వెనకాల సంజీవ నిలబడ్డాడు.

“అన్నా, బాగైందా?” అంది. ఒక్కో మాటా కూడగట్టుకుని, సగం మింగి మాట్లాడుతోంది.

“అయింది చెల్లె.”

“ఏమయిండె దానికి?”

శ్రీశైలం సంజీవ వైపు చూశాడు. సంజీవ నేలను చూస్తున్నాడు.

“వాన నీళ్లు పోయినయి లోపటికి.”

నర్సమ్మ ఎడమ కంట్లోంచి నీళ్లు కారాయి. “నాదే తప్పన్నా. సర్వీసుకు తీస్కపోత అని ఈయన అన్నడు. పెరట్ల కలుపు తీసుడుంది, ఆనక పోదామని నేనే ఆపిన. అప్పుడే నీ తాన చూపిచ్చి ఉంటే గిట్ల గాకపోవు.”

సంజీవ ఒక్కసారిగా తలెత్తాడు. ఈ మాట ఆమె అతనితో కూడా అప్పటిదాకా అననట్టుంది. ఆ రోజు బండి షెడ్డుకు వచ్చి ఉంటే తాను చేసేదల్లా ఇంకో దోసెడు పూలు పోయడమే. ఆ మాట చెబితే ఆమె మీది ఈ బరువు దిగుతుంది, దానికంటే పెద్ద బరువు ఎక్కుతుంది.

“నీ తప్పేం లేదు చెల్లె,” అన్నాడు.

“ఎట్ల లేదన్నా?” అని అడిగింది నర్సమ్మ. నిజంగానే తెలుసుకోవాలని అతని మొహంలోకి చూస్తూ అడిగింది.

జవాబు తెలిసిన ఇద్దరూ ఆమె దగ్గరే ఉన్నారు. శ్రీశైలం కారు తాళంచెవి సంజీవ చేతిలో పెట్టాడు.