చిన్నాన్న మొన ఎవరూ ముట్టలేదు

అది సోమవారం, పొద్దున్న ఆరున్నర. మలయాకు స్వాతంత్ర్యం, మేమనే మెర్డేకా, రావడానికి ముందటి ఏడు. కమ్యూనిస్టుల వేటకని తెల్లవాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా నడుస్తోంది. బాగన్ దాతుక్ దగ్గర మా కొబ్బరి తోటలో హాజరు పిలుపు అయిపోయింది. తోట గుమస్తాను కిరాణి అనేవాళ్లం, ఆయనా తెలుగువాడే. మా చిన్నాన్నను ఆపి, "నీకు పని లేదు. సాయంత్రానికి ఇల్లు ఖాళీ చెయ్" అన్నాడు. ముందురోజు టౌనుకెళ్లి యూనియన్‌లో చేరడమే చిన్నాన్న చేసిన నేరం. పిన్నికి నెలలు నిండాయి. తోట ఇల్లు పోతే వాళ్లకు తల దాచుకునే చోటు లేదు.

నేనూ కాయలు ఒలిచేవాణ్ణే. నేలలో పాతిన ఇనుప మొన మీద కాయను గుచ్చి పీచు ఒలవాలి. ఎవరి మొన వాళ్లది. మరొకరిది ముట్టాలంటే అడిగే ముట్టాలి. అది ఒలుపువాళ్ల కట్టుబాటు. మాకు ఒక చావు సంఘం కూడా ఉండేది. ఎవరింట్లో మనిషి పోయినా పాడె మోసేది ఆ సంఘమే.

కిరాణి చిన్నాన్న మొన దగ్గరికి వేరొకణ్ణి పిలిచాడు. కోడిపందెం దగ్గర తగువై ఆ మనిషికీ చిన్నాన్నకీ ఏళ్ల తరబడి మాటల్లేవు. కిరాణి తెలివంతా అదే.

"ఏం చూస్తున్నావ్? మొదలుపెట్టు."

"మా యమ్మ పాడె మోసినాడండీ ఈడు. ఈడి మొన నాను ముట్టను."

"మీ ఇద్దరికీ పడదు కదరా!"

"పడదు లా," అన్నాడు మా మలయా యాసలో. "ఈడి మొకం సూస్తే నాకు కూడు సయించదు. అయినా ముట్టను."

చిన్నాన్న ఊరుకుంటాడా? "నీ మొకం సందమామ మరి!" అన్నాడు. అంత భయంలోనూ నవ్వాం.

ఇక ఎవరూ కాయ ముట్టలేదు. గుంపు కడితే పోలీసులు ఎత్తుకుపోయే కాలం. అందుకని గుంపు కట్టలేదు, కేక వెయ్యలేదు. ఎవరి మొన దగ్గర వాళ్లం చేతులు కట్టుకుని నిలబడ్డాం. పనిచోట నిలబడ్డవాణ్ణి ఏమని పట్టుకుంటారు? కొబ్బరి ఆరబెట్టే బట్టీ చల్లారిపోయింది. మధ్యాహ్నానికి తోట మేనేజరు దొర జీపులో వచ్చి, చుట్టూ చూసి, చిన్నాన్నను పనిలోకి దిగమన్నాడు.

తర్వాత మేమంతా యూనియన్‌లో చేరాం. దొర ఎదుట కుర్చీలో కూర్చుని మాట్లాడే హక్కు యూనియనే తెచ్చింది, చావు సంఘం వల్ల అయ్యే పని కాదది. కానీ కలిసి నిలబడటం కూడా యూనియనే నేర్పిందని రాసేవాళ్లున్నారు. ముసలితనంలో అక్షరాలు నేర్చుకుని అవి చదివాను. ఒప్పుకోను. అది మా దగ్గర ముందే ఉంది.

ఆ రోజు అక్కడున్నవాళ్లు: చిన్నాన్న, ఆయనతో మాటల్లేని ఆ మనిషి, మా నాన్న, మా మేనమామ, ఇద్దరు తమిళ అన్నదమ్ములు, పీచు ఎత్తే మా అమ్మ, కబురు విని వచ్చి గట్టు మీద కూలబడ్డ పిన్ని, కిరాణి, చివర్లో దొర, నేను.