గట్టిగా చదివిన జీతం

మా సామ్యేలు మేస్త్రి జీతం ఇవ్వడానికి చేతులు రాక ఆటగాడు కో లత్‌ను వదులుకున్నాడని క్లబ్బు వాళ్లు తమ చరిత్ర పుస్తకంలో అచ్చు వేశారు. అది అబద్ధం.

అట్ట ఇంకా రంగు వాసన వేస్తున్న ఆ పుస్తకాన్ని రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్‌లో మా ఇంటి వెనక వసారాలో కూర్చుని చదివాను. గోడ అవతల సిమెంటు నేల మీద పిల్లల బంతి దబ్ దబ్‌మంటోంది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నాకు బంతి చప్పుడు కూడా వినిపించడం మానేసింది. మేస్త్రి పోయి చాలా ఏళ్లయింది. జవాబు చెప్పుకోవడానికి ఆయన లేడు, నేనున్నాను.

సామ్యేలు మేస్త్రి బోటాటౌంగ్ రేవులో బస్తాల లెక్క రాసిన మనిషి. ఆదివారం బాప్టిస్టు గుడిలో పాట ఎత్తుకునేదీ ఆయనే. మా కంపెనీ ఈ క్లబ్బు పేరున బాస్కెట్‌బాల్ జట్టు పెట్టి, ఆటగాళ్లకు జీతాలిచ్చి ఆడించడం మొదలెట్టినప్పుడు ఆయన్ని మేనేజరును చేసింది. గోదాములో మూటలు మోస్తున్న నన్ను ఆయన స్కోరు రాయడానికి తెచ్చుకున్నాడు. నాకు చదువు లేదు. షాపుల బోర్డులు కూడబలుక్కుని నేర్చుకున్న అక్షరాలే.

రేవులో మూట ఎత్తినప్పుడు గీత గీయరు, ఓడలో దిగాకే గీస్తారు. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం. ఆటనూ అలాగే రాయమన్నాడు. బంతి బుట్టలో వేసిందెవడన్నది పక్కన పెట్టి, ఒక్కొక్కడు ఆటలో ఉన్నంతసేపూ మన వైపెన్ని గీతలు, అవతలి వైపెన్ని అన్నది రాయాలి. ఈనాడు కంప్యూటర్లు పెట్టుకుని కుర్రాళ్లు చేసే పని నేను చవక పెన్సిలుతో చేశాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. జీతాల శనివారం అందరినీ వరసగా నిలబెట్టి, ఎవరి జీతమెంతో గట్టిగా చదివి చేతికిచ్చేవాడు. యజమాని నుంచి ఊడ్చేవాడి దాకా అందరికీ అందరి అంకెలూ తెలుసు. చాటున ఇచ్చేది జీతం కాదు, లంచం అనేవాడు.

కో లత్ మా జట్టుకు ప్రాణం. వాడు బంతి పట్టుకుంటే జనం లేచి నిలబడేవారు. ఒప్పందం ముగిసే ఏడు వాడడిగిన జీతం మిగతావాళ్లలో అయిదుగురి జీతాలకు సమానం. వాడినైనా ఉంచుకో, ఆ అయిదుగురినైనా ఉంచుకో, రెండూ నా వల్ల కాదని యజమాని తేల్చేశాడు. వాణ్ణి అడుగుతున్న ఇంకో క్లబ్బు వాడికి బదులు ఇద్దరు ఆటగాళ్లనిస్తానంది. మేస్త్రి నన్ను పిలిచి పుస్తకం తెమ్మన్నాడు.

"ఏటిరా అప్పన్నా, నీ గీతలేటంటన్నాయి?"

"ఉంచమంటన్నాయి సారూ. ఆడున్నంతసేపూ మనదే పైచెయ్యి."

ఆయన చాలాసేపు కాగితాలు తిరగేశాడు. "మరి ఆ అయిదుగురూ పోతే ఈడి పక్కన నిలబడీదెవుడ్రా? దానికి గీతలున్నాయా నీ కాడ?" అన్నాడు. "శనివారం ఆ అంకె సదివి ఎవుడి మొగం సూడమంటావు నన్ను?"

కో లత్ వెళ్లిపోయాడు. నేను నెల రోజులు మేస్త్రితో మాట్లాడలేదు. మరుసటి ఏడు ఫైనల్లో వాడి జట్టు మీదే ఓడాం, అదీ వాడి చేతుల్లోనే. జనం మేస్త్రిని తిట్టిన తిట్లు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. నేను పుస్తకం నేలకేసి కొట్టాను. ఆయన వంగి తీసి, దుమ్ము దులిపి నా ఒళ్లో పెట్టాడు. "ఓడినప్పుడే గీతలు సరిగ్గుండాల్రా. రాయి" అన్నాడు. చివరి గీత దాకా రాశాను. తర్వాత ఎప్పుడు గెలిచామో క్లబ్బు పుస్తకంలో ఉంది, అది మాత్రం నిజమే రాశారు. ఆ అయిదుగురిలో ఒకడు ఇప్పుడు మా గోడ అవతల పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. ఆ సంగతి పుస్తకంలో లేదు.

క్లబ్బుకు రెండు ఉత్తరాలు రాశాను, బర్మీస్‌లో, నా చేత్తోనే. ఉలుకూ పలుకూ లేదు. మూడోది పట్టుకుని బస్సెక్కి చౌక్తడాలోని ఆఫీసుకే వెళ్లాను. అక్కడి అమ్మాయి కూర్చోబెట్టి టీ ఇచ్చి, అంత పాత సంగతికి రుజువేముంది తాతా అంది. గీతల పుస్తకాలు బల్ల మీద పెట్టాను. ఇవి ఆట చెబుతాయి గానీ మనిషి మనసు చెప్పవు కదా అంది. ఆ పిల్ల అన్నదీ నిజమే. అయితే కో లత్‌నే అడగమ్మా, మాండలేలో బతికే ఉన్నాడు అన్నాను.

వాడు క్లబ్బుకు రాసిన జవాబు నకలు మొన్న నాకందింది. తెలుగు చేసి ఇక్కడ పెడుతున్నాను. పేరు ముందు ఊ అంటే గారు, చాట్ అంటే ఇక్కడి రూపాయి.

"ఊ సామ్యేల్ నా జీతానికి వెనకాడారన్నది తప్పు. కొత్త క్లబ్బులో నా జీతం బేరమాడిందే ఆయన. నేనడిగిన అంకెకు ఒక్క చాట్ తగ్గినా మా వాణ్ణి పంపనని వాళ్ల ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నారు. పక్కన నేనున్నాను. ఎవరికీ చెప్పవద్దన్నారు గనుక ఇన్నాళ్లూ చెప్పలేదు. అక్కడ మొదటి జీతం మూసిన కవరులో ఇచ్చారు. నేను లేచి నిలబడి, కవరు చింపి, అందరికీ వినబడేలా గట్టిగా చదివాను."